ఒంటబట్టే చోటు

నోటి నుంచి మలద్వారం దాకా, ముక్కు నుంచి శ్వాసనాళాల చివరి కొమ్మల దాకా, మూత్రకోశంలో, గర్భాశయ ముఖద్వారం దగ్గర, కనురెప్పల లోపలి వైపు, ఇలా బయటి ప్రపంచం వచ్చి తగిలే ప్రతి లోపలి చోటా ఒక పలచని తడి పొర పరుచుకుని ఉంటుంది. శ్లేష్మ పొర అని పాఠ్యపుస్తకాలు నేర్పుతాయి. పదో తరగతిలో ఆంత్రచూషకాల బొమ్మ వేసి భాగాలు గుర్తించాక మనలో చాలామందికి దానితో పని ఉండదు. ప్రజారోగ్య ప్రణాళికలు రాసేవాళ్ళకు కూడా పని లేకుండా పోయిందన్నది నా అభియోగం. మన వ్యవస్థ లోపలికి పంపేదాన్ని శ్రద్ధగా లెక్కపెడుతుంది. అంగన్‌వాడీలో ఎన్ని గుడ్లు, బడిలో ఎన్ని ఐరన్ బిళ్ళలు, పల్స్ పోలియో నాడు ఎంతమందికి చుక్కలు అన్నది రిజిస్టర్లలో ఉంటుంది. వాటిని పుచ్చుకోవలసిన పొర ఏ స్థితిలో ఉందన్నది ఏ రిజిస్టర్లోనూ ఉండదు. పెట్టినదానికీ ఒంటబట్టినదానికీ మధ్య కనిపించే తేడాలో పెద్ద భాగం ఈ పొర దగ్గరే పుడుతోంది. దాన్ని పట్టించుకోకుండా పెట్టేదాన్ని మాత్రమే పెంచుకుంటూ పోతే ఖర్చు పెరిగినంతగా ఫలితం పెరగదు. ఇందుకు కావలసిన సాక్ష్యంలో చాలా భాగం మన ఉపఖండంలోనే, కలకత్తాలో, వెల్లూరులో, ఢాకాలో, హైదరాబాదులో, శ్రీకాకుళం పల్లెల్లో, గత డెబ్భై ఏళ్ళుగా పోగుపడుతూ వచ్చింది. వేరువేరు శాఖలవాళ్ళు వేరువేరు అవసరాల కోసం సేకరించింది కాబట్టి ఒకచోట పెట్టి చూడడం తక్కువగా జరిగింది.

ముందు ఈ పొర కట్టుబడి చూద్దాం. చిన్నపేగు లోపల, తిన్న ఆహారానికీ రక్తానికీ మధ్య అడ్డుగా ఉన్నది ఒకే ఒక్క వరస కణాలు. ఆ తలం టెన్నిస్ కోర్టంత ఉంటుందని చాలాకాలం పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. 2014లో స్వీడన్‌కు చెందిన హెలాండర్, ఫాండ్రిక్స్ సూక్ష్మదర్శిని కొలతలతో మళ్ళీ లెక్కగట్టి, జీర్ణనాళం మొత్తం లోపలి తలం సుమారు 32 చదరపు మీటర్లేనని తేల్చారు. అంకె బాగా తగ్గింది. అయినా పెద్దవాళ్ళ ఒంటి మీది చర్మం సాధారణంగా రెండు చదరపు మీటర్లకు మించదు కాబట్టి, బయటి ప్రపంచంతో మన అసలు సరిహద్దు ఎక్కడుందో ఆ తగ్గిన అంకె కూడా స్పష్టంగానే చెబుతుంది. ఈ వరసలోని కణాలు చాలామటుకు మూడు నుంచి ఐదు రోజులకు మించి బతకవు. చూషకాల అడుగున ఉన్న గుంటల్లో మూలకణాలు ఎడతెగకుండా కొత్త కణాలను పుట్టిస్తుంటాయి. అవి కొస దాకా ఎక్కి రాలిపోతుంటాయి. ఆ మూలకణాలను గుర్తుపట్టే దారిని నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం 2007లో చూపించింది. ఇంత వేగంగా పుట్టి చచ్చే కణజాలాన్ని నిలబెట్టాలంటే ప్రోటీన్, జింకు, ఫోలిక్ ఆమ్లం రోజూ అందాలి. అందుకే తిండి తగ్గినప్పుడు తొందరగా దెబ్బతినేవాటిలో ఆ తిండిని పుచ్చుకోవలసిన పొర కూడా ఉంటుంది. పొర దెబ్బతింటే తిన్న కాస్తా ఒంటబట్టదు. పోషకాహారం మీద జరిగే చర్చల్లో ఈ విషవలయానికి దక్కవలసినంత చోటు దక్కలేదు.

పేగు పొర మీద జిగురు ఊరుతూ ఉంటుంది. పెద్దపేగులో ఆ జిగురు రెండు అంతస్తులుగా ఉంటుంది. పై అంతస్తులో బాక్టీరియా కాపురముంటుంది, కణాలను ఆనుకుని ఉన్న కింది అంతస్తులోకి దాదాపుగా చొరబడలేదు. పొర కింద మాటువేసిన కణాలు రోజూ గ్రాముల కొద్దీ ఐజీఏ అనే యాంటీబాడీని తయారుచేసి ఆ జిగురులోకి పంపుతాయి. మన శరీరం తయారుచేసే యాంటీబాడీలన్నిటిలో దీని వంతే ఎక్కువ. రోగనిరోధక శక్తి అనగానే మనం రక్త పరీక్ష వైపు చూస్తాం. శరీరం మాత్రం తన ఖర్చులో సింహభాగం ఈ తడి సరిహద్దు మీద పెడుతోంది. అక్కడక్కడ ఉండే 'ఎం' కణాలు పేగులోని సూక్ష్మజీవులను నమూనాగా పట్టుకుని కింద ఉన్న రోగనిరోధక కణాలకు అందిస్తుంటాయి. అన్నం మెతుకును సహించాలి, మంచి బాక్టీరియాను ఉండనివ్వాలి, అతిసార క్రిమిని తరిమికొట్టాలి, ఇదంతా ఒకే తలం మీద క్షణక్షణం జరగాలి. ఇది గోడ చేయగల పని కాదు. శ్వాసనాళంలో ఇదే పొరకు శైలికలు మొలిచి దుమ్మును గొంతు వైపు తోస్తాయి, నోట్లో ఇది పలు వరసలుగా మందమవుతుంది, మూత్రకోశంలో సాగుతూ ముడుచుకుంటూ నెలల తరబడి నిలుస్తుంది. చోటును బట్టి కట్టుబడి మారుతుంది. దేన్ని రానివ్వాలి, దేన్ని ఆపాలి అన్న తీర్పు మాత్రం అన్నిచోట్లా దీనిదే.

ఈ పొరను అర్థం చేసుకుంటే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో చెప్పడానికి కలరాకు మించిన ఉదాహరణ లేదు. బియ్యం కడిగిన నీళ్ళలా ఉండే కలరా విరేచనంలో తేలే తెల్లటి నలుసులు పేగు లోపలి పొర తాలూకు ముక్కలేనని పంతొమ్మిదో శతాబ్దపు వైద్యులు చాలామంది నమ్మారు. పొరే ఊడిపోయిందంటే నోటి ద్వారా ఏమిచ్చినా లాభం లేదు, నరానికి సెలైన్ ఎక్కించడం తప్ప దారి లేదు. 1959లో కలకత్తాలో శంభునాథ్ దే కుందేలు చిన్నపేగులో ఒక ముక్కను రెండు పక్కలా దారంతో కట్టి, కలరా క్రిములను పెంచి వడగట్టేసిన ద్రవాన్ని అందులోకి ఎక్కించాడు. క్రిమి ఒక్కటీ లేకపోయినా ఆ ముక్క నీటితో ఉబ్బిపోయింది. పని చేస్తున్నది క్రిమి వదిలిన విషమని రుజువైంది. ఆ వెంటనే రోగుల పేగు నుంచి చిన్న ముక్కలు తీసి చూసిన వైద్యులకు పొర చెక్కుచెదరకుండా కనిపించింది. విషం కణాలను చంపదు. వాటిలోని క్లోరైడ్ ద్వారాలను తెరిచిపెట్టి ఉప్పునూ నీటినీ బయటికి పారిస్తుంది. అదే కణం మీద గ్లూకోజునూ సోడియంనూ జంటగా లోపలికి లాక్కునే మరో ద్వారం ఉంది. దానికి ఆ విషం వల్ల ఏ దెబ్బా తగలదు. ఈ జంట రవాణా గురించి రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్ సమావేశంలో మొదటిసారి ప్రతిపాదించాడు.

1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో సరిహద్దు దగ్గరి బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు అయిపోతున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనాబిస్ గ్లూకోజ్, ఉప్పు, వంటసోడా పొట్లాలను డ్రముల్లో నీళ్ళకు కలిపించి రోగుల బంధువుల చేతే తాగించాడు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 3.6 శాతానికి పడిపోయాయి. ఇందులో కొత్త మందేదీ లేదు. పొరలో ఏ ద్వారం పాడైంది, ఏది పనిచేస్తోంది అన్న జ్ఞానమే అక్కడ మందుగా పనిచేసింది. ఓఆర్ఎస్ అని పిలిచే ఈ ద్రావణం పోయిన నీటిని మళ్ళీ నింపుతుంది కానీ విరేచనాల వల్ల అరిగిన పొరను బాగుచేయదు. ఆ పనిలో తోడుగా పిల్లలకు 10 నుంచి 14 రోజుల పాటు జింకు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లో చెప్పాయి. విరేచనాలు కట్టగానే ఆ బిళ్ళలు పక్కన పెట్టేయడం మన ఇళ్ళలో మామూలు. పొర ఇంకా కోలుకోలేదన్న సంగతి తల్లికి ఎవరూ విడమరిచి చెప్పకపోవడమే అందుకు కారణమని నేననుకుంటాను.

నోటి ద్వారా ఇచ్చే టీకాల కథ మరింత సూటిగా ఉంటుంది. పోలియో చుక్కల్లో ఉన్నది బలహీనపరిచిన సజీవ వైరస్. అది పేగు పొరలో పెరిగితేనే రక్షణ వస్తుంది. సంపన్న దేశాల్లో మూడు డోసులతో దాదాపు అందరు పిల్లలకూ రక్షణ వచ్చింది. 1970ల్లో వెల్లూరులో డాక్టర్ టి. జాకబ్ జాన్ పరీక్షిస్తే అవే మూడు డోసుల తర్వాత కూడా చాలామంది పిల్లల్లో రక్షణ కనిపించలేదు. ఆయన మాటను పట్టించుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2006లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం టైప్ 1 పోలియో మీద ఒక్కో డోసు పనితనం ఉత్తర ప్రదేశ్‌లో 9 శాతం, బీహార్‌లో 18 శాతం, మిగతా దేశంలో 21 శాతం. జనం కిక్కిరిసి, పారిశుధ్యం లేక, పేగులో ఎప్పుడూ ఏదో ఒక క్రిమి ఉండే చోట టీకా వైరస్‌కు నిలదొక్కుకునే వీలు దొరకలేదు. ప్రభుత్వం చుక్కలు పదేపదే వేసి, వైరస్ రకాన్ని బట్టి టీకాను మార్చి, లక్షలాది కార్యకర్తల కష్టంతో ఆ లోటును పూడ్చింది. 2011 జనవరిలో హావ్‌డా జిల్లాలో నమోదైనదే దేశంలో సహజ వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు. అది మహత్తరమైన గెలుపు. అంత శ్రమ పడవలసి వచ్చిన కారణాల్లో పేగు పొర స్థితి ఒకటన్న పాఠం మాత్రం ఆ సంబరంలో వెనకపడింది.

అదే సంగతి రోటావైరస్ దగ్గర మళ్ళీ ఎదురైంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువుల్లో దొరికిన వైరస్ నుంచి హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్, ఢిల్లీ, పుణె, వెల్లూరులలో జరిగిన పరీక్షల్లో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను మొదటి ఏడాది సుమారు 56 శాతం తగ్గించింది. 2016లో ఈ టీకా ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 56 శాతం చూసి మన టీకా నాసిరకమనుకుంటే పొరపాటు. ఐరోపా, అమెరికాలలో 85 శాతానికి పైగా పనిచేసిన విదేశీ టీకాలు కూడా ఆఫ్రికా, ఆసియా పేద ప్రాంతాలకు వచ్చేసరికి సగానికి అటూ ఇటూగా ఆగిపోయాయి. టీకాలు వేరైనా తగ్గుదల ఒకేలా ఉందంటే కారణాన్ని సీసాలో వెతకడం కన్నా పుచ్చుకునే పేగులో వెతకడం సబబు.

ఆ పేగు ఎలా ఉంటుందో 1960ల్లో వైద్యులు కళ్ళారా చూశారు. థాయ్‌లాండ్‌లో, దక్షిణ భారతంలో, పాకిస్తాన్‌లో ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళ చిన్నపేగు నుంచి సన్నని గొట్టం సాయంతో బియ్యపు గింజంత పొర తీసి భూతద్దం కింద పెట్టారు. పుస్తకంలో చూషకాలు సన్నగా, పొడుగ్గా, వేళ్ళలా ఉంటాయి. ఇక్కడ అవి పొట్టివై, వెడల్పై, ఆకుల్లా, కొన్నిచోట్ల గట్లలా అతుక్కుని కనిపించాయి. కింద రోగనిరోధక కణాలు గుమిగూడి ఉన్నాయి. ఇది జాతి లక్షణమేమోనన్న అనుమానం అప్పట్లో ఉండేది. పాకిస్తాన్‌లో పనిచేయడానికి వచ్చిన అమెరికన్ పీస్ కోర్ వాలంటీర్లకు కొన్ని నెలల్లో అదే మార్పు రావడం, స్వదేశానికి తిరిగి వెళ్ళాక పొర మళ్ళీ మామూలుగా ఎదగడం ఆ అనుమానాన్ని తీర్చేశాయి. న్యూయార్క్‌లో స్థిరపడిన భారతీయులు, పాకిస్తానీల్లోనూ కాలక్రమాన పొర మెరుగుపడింది. నా వాదనకు ఇంతకన్నా విలువైన సాక్ష్యం లేదు. పొర పరిసరాల వల్ల పాడవుతుంది, పరిసరాలు మారితే బాగుపడుతుంది. విధిరాత కాదు.

ఈ పొర పూర్తిగా చేతులెత్తేస్తే వచ్చే స్ప్రూ వ్యాధి శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు ఇంట్లో ఆయన సోదరులను బలితీసుకుంది. తిన్నది ఒంటబట్టక, రక్తహీనతతో, నాలుక పూసి, మనిషి చిక్కి శల్యమయ్యే ఆ జబ్బుకు అప్పట్లో నమ్మకమైన మందు లేదు. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కొద్ది కాలానికే అది స్ప్రూ రోగుల్లో రక్తహీనతనూ నాలుక పూతనూ నయం చేయడం వైద్యులు చూశారు. వేగంగా విభజన చెందే కణాలకు ఫోలిక్ ఆమ్లం లేకుండా గడవదు. మజ్జ లాగే చాలా వేగంగా విభజన చెందేది ఈ లోపలి పొర. దీనికి తిరుగుసాక్ష్యం కూడా అదే ప్రయోగశాల నుంచి వచ్చింది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకుని క్యాన్సర్ కణాలను ఆపే మందులు అక్కడే పుట్టాయి. ఆ కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను వాడేవాళ్ళకు నోట్లో పుళ్ళు లేచేది అందుకే.

స్ప్రూ అంత తీవ్రం కాకపోయినా, పొర ఏళ్ళ తరబడి సగం చెడి ఉండడం పసిపిల్లల ఎదుగుదలను దెబ్బతీస్తుందన్నది ఇప్పటి శాస్త్రవేత్తల్లో బలమైన అభిప్రాయం. చూషకాలు పొట్టివైతే పోషకాల గ్రహణం తగ్గుతుంది. కణాల మధ్య బిగింపులు సడలితే బాక్టీరియా భాగాలు లోపలికి జారి శరీరాన్ని అదేపనిగా పోరాటంలో ఉంచుతాయి. ఎముకల ఎదుగుదలకు కావలసిన హార్మోన్లు ఆ పోరాటంలో అణగిపోతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. అంతకు ముందు సర్వేలో తెలంగాణ అంకె 28 దగ్గర ఉండేది. అన్నపూర్ణ అనిపించుకున్న నేల మీద, రేషన్ బియ్యం, అంగన్‌వాడీ పాలు, గుడ్లు అందుతున్న ఇళ్ళలో ముగ్గురిలో ఒకరు గిడసబారుతున్నారంటే పళ్ళెంలో ఏముందన్న ప్రశ్న ఒక్కటే చాలదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పొర పాడవడానికి మురికి కారణమైతే, మురికిని తగ్గిస్తే పిల్లలు ఎదగాలి. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేలలో వేలాది పిల్లల మీద జరిగి 2018, 2019 సంవత్సరాల్లో వెలువడిన మూడు పెద్ద పరీక్షలు సరిగ్గా ఇదే చేశాయి. మరుగుదొడ్లు కట్టించారు, నీటిలో క్లోరిన్ కలిపించారు, చేతులు కడుక్కోవడం నేర్పారు. ఎత్తులో తేడా రాలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ మెరుగైన మరుగుదొడ్డి ఉన్న కుటుంబాలు ఆ రెండు సర్వేల నడుమ సగం నుంచి ముప్పావు దాకా పెరిగినా పొట్టితనం తగ్గకపోవడం ఈ అభ్యంతరానికి బలమిస్తుంది. వెల్లూరులోనే జరిగిన మరో పరీక్షలో శిశువులకు అజిత్రోమైసిన్ ఇచ్చారు. పేగులో హానికర బాక్టీరియా తగ్గింది, వాపు గుర్తులు కొన్ని తగ్గాయి, పోలియో చుక్కల పనితనం మాత్రం పెరగలేదు. అయితే పొర సిద్ధాంతమే తప్పా? అలా అనుకోవడానికి లేదు. ఆ మూడు దేశాల్లో జరిగింది చౌకైన, ఇంటింటి స్థాయి మార్పు. పక్కింటి మురుగు, పెరట్లో కోళ్ళు, పిల్లలు పాకే మట్టినేల అలాగే ఉన్నాయి. పీస్ కోర్ వాలంటీర్ల పొర బాగుపడింది వాళ్ళు ఆ పరిసరాలను పూర్తిగా వదిలి వెళ్ళాక. కొళాయిలో రోజంతా శుద్ధమైన నీరు, మూసిన మురుగు కాలువ, సిమెంటు నేల, ఈ మూడూ ఉన్న ఊరికీ, గుంత మరుగుదొడ్డి ఒక్కటే ఉన్న ఊరికీ ఎంత తేడా ఉంటుందో మనకు తెలియనిది కాదు. వెల్లూరు పరీక్ష నేర్పింది వేరే పాఠం. చుక్కలకు అడ్డుపడేది బాక్టీరియా కన్నా పేగులో అప్పటికే ఉన్న ఇతర వైరస్‌లని ఆ పిల్లల్లోనే ఆధారాలు దొరికాయి. మందు బిళ్ళతో దగ్గరిదారి దొరకదని తేలింది.

పెట్టే తిండి వైపు నుంచి ఒక ఆశ కనిపిస్తోంది. ఢాకా మురికివాడల్లో 12 నుంచి 18 నెలల వయసు పిల్లల మీద జరిగి 2021లో వెలువడిన ఒక పరీక్షలో శనగ, సోయా, వేరుశనగ, పచ్చి అరటి కలిపిన ఆహారం ఇచ్చారు. పేగులో మేలుచేసే బాక్టీరియాను పెంచేవని ముందుగా ఎంచి చూసుకున్న పదార్థాలవి. మామూలుగా ఇచ్చే పోషకాహార పేస్టు కన్నా ఇందులో కేలరీలు తక్కువ. బరువు పెరిగే వేగం మాత్రం ఈ పిల్లల్లోనే ఎక్కువగా కనిపించింది. సంఖ్య చిన్నది, కాలం మూడు నెలలే, ఎత్తులో తేడా చూపలేదు, అందువల్ల దీన్ని తుది మాటగా తీసుకోకూడదు. కేలరీలే అసలు కొలమానం అన్న నమ్మకాన్ని సడలించడానికి ఇది చాలు. ఇందులో మన పల్లెల్లో దొరకని దినుసు ఒక్కటీ లేదు.

రెండో అభ్యంతరం టీకాల వైపు నుంచి వస్తుంది. జబ్జకు వేసిన సూది కూడా లోపలి పొరను కాపాడగలదు కదా, మరి పొర స్థితి గురించి ఇంత పట్టుదల ఎందుకని అడగవచ్చు. నిజమే. గర్భాశయ ముఖద్వారంలో రెండు రకాల పొర కలిసే అంచు దగ్గర, అక్కడి క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ పాగా వేస్తుంది. దాని టీకా కండరానికి వేసే సూదే, అయినా రక్తం నుంచి ఊరి వచ్చే యాంటీబాడీలతో ఆ చోటును అద్భుతంగా కాపాడుతోంది. పోలియోలోనూ, ఇదివరకు చుక్కలు వేసిన పిల్లలకు ఒక్క సూది వేస్తే పేగు రక్షణ మళ్ళీ పుంజుకుంటుందని వెల్లూరులోనూ ఉత్తర ప్రదేశ్‌లోనూ జరిగిన పరీక్షలు 2014లో చూపించాయి. ఇవి నా వాదనకు ఎదురు నిలిచే సంగతులు కావు. చుక్కలు ముందే పొరకు గుర్తు నేర్పి ఉన్నచోటే సూది బాగా పనిచేసిందన్నది అందులో దాగిన షరతు. ముక్కు ద్వారా వేసే టీకాల మీద అంతే తొందరగా ఆశ పెంచుకోవడమూ తగదు. 2000-01 చలికాలంలో స్విట్జర్లాండ్‌లో వాడిన ఒక ముక్కు ఫ్లూ టీకా వల్ల కొందరికి ముఖ పక్షవాతం వచ్చి దాన్ని ఉపసంహరించారు. హైదరాబాదులోనే తయారై 2023 జనవరి 26న విడుదలైన కోవిడ్ ముక్కు టీకా ఆలోచన సరైనది. వైరస్ దిగే చోటే కాపలా పెట్టాలన్నది దాని సూత్రం. అది వ్యాప్తిని ఎంత ఆపుతుందో తేల్చే పెద్ద పరీక్షలు జరగకుండానే జనం టీకాలను మరచిపోవడం శాస్త్రానికి నష్టమే.

హెచ్‌పీవీ మాట వచ్చింది కాబట్టి ఖమ్మం ప్రస్తావన తప్పదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు ప్రయోగాత్మకంగా ఈ టీకా వేశారు. కొందరు బాలికల మరణాలతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. తల్లిదండ్రుల అంగీకారం బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారన్న తప్పును మాత్రం పార్లమెంటరీ సంఘం గట్టిగా ఎత్తిచూపింది. గిరిజన తల్లిదండ్రులను అడగకుండా వాళ్ళ పిల్లల ఒంట్లోకి ఏది పంపినా తప్పే. ఆ తప్పు మూలంగా మంచి టీకా మన ప్రాంతంలో ఏళ్ళ తరబడి అనుమానం కింద పడిపోయింది.

పొర గురించి ఎక్కువ మాట్లాడితే 'లీకీ గట్' పేరుతో పొడులు, ప్రోబయాటిక్ సీసాలు, పేగు శుభ్రం చేసే పానీయాలు అమ్మేవాళ్ళకు బలం చేకూరుతుందని కొందరు వైద్యులు భయపడతారు. ఆ భయం సహేతుకం. అలసట, మొటిమలు, కోపం, అన్నిటికీ పేగు పొరే కారణమని చెప్పే వ్యాపారానికీ, పైన చెప్పిన సాక్ష్యానికీ సంబంధం లేదు. ఆ సరుకులు కొనగలిగిన నగరవాసుల పేగు సాధారణంగా బాగానే ఉంటుంది. చెడిన పొర ఉన్నది మురుగు పక్కన పెరుగుతున్న పిల్లల్లో. నొప్పి మాత్రలను అదేపనిగా, పరగడుపున మింగడం లాంటి నిజమైన హాని గురించి మాత్రం ఈ వ్యాపారులు మాట్లాడరు. ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపి పనిచేసే ఆ మాత్రలు కడుపు లోపలి జిగురు రక్షణను కూడా తగ్గిస్తాయన్నది 1970ల నుంచి తెలిసిన విషయమే.

చివరగా, కంటికి కనిపించనిదాన్ని ఆరోగ్య కార్యకర్త ఎలా లెక్కపెడుతుందన్న ఆచరణాత్మక ప్రశ్న ఉంది. రెండు చక్కెరలు కలిపిన పానీయం తాగించి మూత్రంలో ఎంత వచ్చిందో కొలిచే పరీక్ష ఉంది కానీ, పల్లెల్లో అందరు పిల్లలకూ అది చేయడం కుదరదు. జిల్లాకు కొన్ని వందల మందిలో, సర్వే నమూనాగా చేయడం కుదురుతుంది. జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది హైదరాబాదులోనే కాబట్టి ఇది మన రాష్ట్రాలకు అందని పని కాదు. పైగా ఆ సంస్థకు ఈ విషయంలో మంచి చరిత్ర ఉంది. విటమిన్ ఎ అందకపోతే తడి పొరలు ఎండి చర్మంలా గట్టిపడతాయని 1925లో వోల్‌బాక్, హోవ్ ఎలుకల్లో చూపించారు. పిల్లల కంటి తెల్లగుడ్డు మీద నురగలా కనిపించే బిటాట్ మచ్చ అలా ఎండిన పొరే. దాన్ని గుర్తుగా పట్టుకుని హైదరాబాదు పరిశోధకులు చేసిన పని ఆధారంగా, ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఎ ఇచ్చే కార్యక్రమం 1970లో మొదలైంది. పొరను చూసి విధానాన్ని నిర్ణయించిన సందర్భం అది.

నోరు కూడా అలా కనిపించే చోటే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీర గ్రామాల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పెదవులు మూసి పీల్చే అడ్డపొగ అలవాటు తరాలుగా ఉంది. వేడీ పొగా సూటిగా తగిలేది అంగిలికి. ముందు అంగిలి పాలిపోయి తెల్లబడుతుంది. ఆ తెలుపులో ఎర్రని చుక్కలు లేస్తాయి, వాచిన చిన్న లాలాజల గ్రంథుల నోళ్ళవి. తర్వాత కొన్నిచోట్ల గరుకుతేలుతుంది, కొన్నిచోట్ల నల్లమచ్చలు, కొన్నిచోట్ల రంగు పోయిన మచ్చలు పక్కపక్కనే వస్తాయి. చివరికి ఎర్రబారిన చోటో మానని పుండో కనిపిస్తుంది. ప్రపంచంలో మిగతా చోట్ల అరుదుగా వచ్చే గట్టి అంగిలి క్యాన్సర్ ఇక్కడ మామూలు కావడానికి కారణం ఇదే. విశాఖ వైద్యులు, ఆ తర్వాత 1960ల చివరి నుంచి టాటా పరిశోధనా సంస్థకు చెందిన మెహతా, గుప్తా, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్ ఇంటింటికీ తిరిగి దీన్ని నమోదు చేశారు. ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడకందార్లతో వాళ్ళు చేసిన పనిలో, అలవాటు మానిన, తగ్గించిన వాళ్ళలో ఈ మచ్చలు రావడం తగ్గింది. పేగులో పీస్ కోర్ వాలంటీర్లు చూపించిందే ఇక్కడ అంగిలి చూపించింది. తగిలేది ఆగితే పొర కోలుకుంటుంది.

30 ఏళ్ళు దాటినవాళ్ళకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించాలని కేంద్రం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2019-21 సర్వే నాటికి దేశంలో 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా నోటి పరీక్ష చేయించుకున్నవాళ్ళు 0.9 శాతం, గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నవాళ్ళు 1.9 శాతం. రెంటికీ పెద్ద యంత్రాలు అక్కర్లేదు, మొదటిదానికి టార్చి లైటు, రెండోదానికి పలచని ఎసిటిక్ ఆమ్లం చాలు. ఉత్తరాంధ్రలో ఈ పని చేపట్టినప్పుడు ఏఎన్ఎంల శిక్షణలో ఒక మార్పు కావాలి. దేశంలో నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపల, నాలుక అంచున వస్తుంది కాబట్టి మామూలుగా అవే ముందు చూస్తారు. అడ్డపొగ తాగే ఊళ్ళలో మనిషిని వెలుతురు వైపు తిప్పి, తల వెనక్కి వంచి, ముందు అంగిలి చూడాలి.